తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

(డాలస్ శివార్లలో ఒక తెలుగు సంఘం వార్షిక కూడికలో ఆ సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

పాస్టర్ గారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు, అన్నలకు, అక్కలకు, వెనక రెండు వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న మా పిల్లలకు వందనాలు.

'రేపటి సంఘం' మీద కాసేపు మాట్లాడమన్నారు. మన పిల్లల గురించి మాట్లాడాలంటే నాకు జంకు. వాళ్ళు ఇక్కడే ఉన్నారు, ప్రేమవిందు దగ్గర నన్ను పట్టుకుంటారు. (నవ్వులు) అందుకని ఈ బిల్డింగ్ ఓనర్ల గురించి చెబుతాను. పన్నెండేళ్లుగా మనకి ఈ హాలు అద్దెకిస్తున్న స్పానిష్ సంఘం గురించి, అలాంటి లాటినో సంఘాల గురించి. లాటినోలంటే లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు.

కార్యదర్శిగా నా మొదటి పని తాళంచెవి తీసుకోవడం. మన ఆరాధన రెండింటికి. నేను ఒంటిగంటకే వచ్చి వాళ్ళ వెనక బెంచీలో కూర్చుంటాను, ఎందుకంటే వాళ్ళది చెప్పిన టైముకి ఏనాడూ అవలేదు. ఆ విషయంలో మనకీ వాళ్ళకీ చుట్టరికం ఉంది. (నవ్వులు) అంతకుముందు ఇరవై రెండేళ్లు ఇక్కడి స్కూళ్లలో ఇంగ్లిష్ రాని పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాను. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో, ఎల్ సాల్వడోర్, హోండురస్ పిల్లలే. నాకొచ్చిన కాస్త స్పానిష్ ఆ పిల్లలు పెట్టిన భిక్ష. కాబట్టి ఇది పండితురాలి మాట కాదు, వెనక బెంచీ మాట.

ముందు ఒకటి సరిచేయాలి. లాటినోలంటే అందరూ ఒక ఊరివాళ్ళు కాదు. ఈ టెక్సస్‌లో కొన్ని కుటుంబాలు అసలు వలసే రాలేదు. 1848లో యుద్ధం ఓడి మెక్సికో తన ఉత్తర భాగాన్ని అమెరికాకి వదులుకుంది. వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దే వాళ్ళని దాటుకుని వెళ్లింది. ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులు, వాళ్ళకి వీసా గొడవే లేదు. క్యూబా వాళ్ళు చాలామంది 1959 విప్లవం తర్వాత వచ్చారు. సాల్వడోర్, గ్వాటెమాలా వాళ్ళు 1980లలో అంతర్యుద్ధాల నుంచి పారిపోయి వచ్చారు. నమ్మకపోతే ఈ వెనక వంటగదిలోకి వెళ్లి చూడండి. మెక్సికో ఆవిడ తమాలే చుడుతుంటుంది, సాల్వడోర్ ఆవిడ పుపూసా కాలుస్తుంటుంది. ఒకరిది ఒకరికి నచ్చదు, పైకి మాత్రం అనరు. గోదావరి వాళ్ళ కూరలో బెల్లం ఎక్కువైందని మనం మనసులో అనుకోమూ? అలాగే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ తమ దేశంలో ఉన్నప్పుడు 'లాటినో' కాదు. ఒకావిడ మెక్సికన్, ఇంకొకావిడ సాల్వడోరన్. అమెరికాలో ఫారాలు నింపాల్సి వచ్చాక ఆ పేరు వాళ్ళకి అంటుకుంది. వాళ్ళ పిల్లలు మాత్రం ఆ పేరుతోనే పెరిగారు. సండే స్కూల్లో పక్కపక్కన కూర్చుని, ఒకరి ఇంట్లో ఒకరు తిని, నిజంగానే లాటినోలు అయిపోయారు. మనం కూడా ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో వచ్చి డాలస్‌లో 'తెలుగువాళ్ళం' అయ్యాం, మన పిల్లలు స్కూల్లో 'ఇండియన్' అయ్యారు. పిల్లలు మన సంస్కృతి మర్చిపోతున్నారని అంటాం. వాళ్ళు ఇంకొకటి కూర్చుకుంటున్నారని మాత్రం అనం.

సరే, చర్చి దగ్గరికి వద్దాం. స్పానిష్ సంఘం ఆరాధనప్పుడు ఇక్కడ గుమ్మం దగ్గర నిలబడే పెద్దాయన మీకందరికీ తెలుసు. వారమంతా ఇళ్ల పైకప్పులు వేస్తాడు, టెక్సస్ జూలై ఎండలో. ఆ ఇళ్లలో ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఆదివారం టై కట్టుకుని వస్తే ఆయన 'ఎర్మానో', అంటే బ్రదర్, పైగా డీకన్. ఆయన లేచి నిలబడి సాక్ష్యం చెబితే రెండొందల మంది ఆమెన్ అంటారు. సోమవారం నుంచి శనివారం దాకా పోగొట్టుకున్న మర్యాద ఆదివారం తిరిగి వస్తుంది. మొదటి తరానికి చర్చి అంటే గుడి ఒక్కటే కాదు, దేశం. భాష, వంట, పెళ్లి సంబంధం, ఉద్యోగం సమాచారం, జబ్బు చేస్తే చందా, చనిపోతే శవాన్ని సొంత ఊరికి పంపే ఏర్పాటు, అన్నీ అక్కడే.

మనల్ని వాళ్ళతో సమానంగా పెట్టుకోకూడదు. మనలో ఎక్కువమందిమి డిగ్రీ, వీసా పట్టుకుని విమానం ఎక్కి వచ్చాం. ఎడారి దాటి రాలేదు. అయినా మీటింగులో ఇంగ్లిష్‌లో తడబడి, ఆదివారం ఇక్కడికొచ్చి తెలుగులో ప్రార్థన మొదలుపెట్టగానే గొంతు విప్పుకున్న అనుభవం మనకీ ఉంది కదా.

ఆ దేశం పిల్లలకి అక్కర్లేదు. కష్టం అక్కడే మొదలవుతుంది. వాళ్ళకి బయట పేరు ఉంది, బయట భాష ఉంది. చర్చిలోనే వాళ్ళు వచ్చీరాని భాష మాట్లాడే పరాయివాళ్ళు. తండ్రికి మర్యాద దొరికే చోటే కొడుక్కి నామోషీ.

దీనికి అందరూ చెప్పే మందు, ఇంగ్లిష్ ఆరాధన పెట్టండి అని. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇప్పుడు అనుమానం వచ్చింది. ఎందుకో చెప్పడానికి న్యూయార్క్ కథ ఒకటి చెప్పాలి.

1950లలో ప్యూర్టోరికో నుంచి లక్షల మంది న్యూయార్క్ వచ్చారు, దాదాపు అందరూ క్యాథలిక్కులు. అంతకు ముందు తరాల్లో జర్మన్లకీ, ఇటాలియన్లకీ వాళ్ళ వాళ్ళ భాషల్లో వేరే పారిష్‌లు, అంటే స్థానిక క్యాథలిక్ సంఘాలు, ఉండేవి. వీళ్ళని మాత్రం ఉన్న పారిష్‌లలోనే కలిసిపొమ్మన్నారు. ఎలా కలిశారంటే, పైన పెద్ద హాల్లో పాతవాళ్ళ పూజ, కింద బేస్‌మెంట్‌లో వీళ్ళ పూజ. అప్పట్లో పూజ ఎటూ లాటిన్‌లోనే కాబట్టి తేడా ప్రసంగంలో, పాటల్లో ఉండేది. మెట్లలో కూడా ఉండేది, దిగాల్సినవాళ్ళు వీళ్ళే. కొందరు ఆ మెట్లు దిగడం మానేసి, మూతపడ్డ కొట్టు గది అద్దెకు తీసుకుని పెంతెకోస్తు సంఘాలు పెట్టుకున్నారు. ఇరుకు గది, మడత కుర్చీలు, పగిలిన అద్దం. కానీ తాళంచెవి తమ దగ్గర. మన తాతల కాలంలో మిషన్ కాంపౌండ్ తాళాలు దొరల దగ్గర ఉండేవి. ఆ చెవి చేతులు మారడానికి ఎన్నేళ్లు పట్టిందో ఇక్కడున్న పెద్దలకి తెలుసు.

ఇంతవరకు తెల్లవాళ్ళు, వలసవాళ్ళు. ఇక తండ్రులు, కొడుకులు.

1969. న్యూయార్క్‌లోనే ఈస్ట్ హార్లెమ్, లెక్సింగ్టన్ అవెన్యూ, 111వ వీధి మూల. అక్కడ ఫస్ట్ స్పానిష్ మెథడిస్ట్ చర్చి. సొంత బిల్డింగ్, స్పానిష్ ఆరాధన, క్యూబా నుంచి వచ్చిన పాస్టర్. సభ్యుల్లో చాలామంది అప్పటికే కాస్త స్థిరపడి ఆ పేట వదిలి వేరే చోట్లకి మారిపోయారు. ఆదివారం వచ్చి వెళ్తారు. మిగతా వారమంతా తాళం. చుట్టూ ఉన్న ఇళ్లలో ఎలుకలు, గోడల రంగులో సీసం, ఆకలితో బడికెళ్లే పిల్లలు.

యంగ్ లార్డ్స్ అని ఒక కుర్రాళ్ల గుంపు ఉండేది. చాలామంది ప్యూర్టోరికో వలసల బిడ్డలు, న్యూయార్క్‌లో పెరిగినవాళ్ళు, పదహారు నుంచి పాతికేళ్ల లోపు. తలమీద ఊదా రంగు బెరే టోపీలు, తమలో తాము మాట్లాడుకునేది ఎక్కువగా ఇంగ్లిష్. వాళ్ళు చర్చి వాళ్ళని అడిగింది ఒకటే, పొద్దున పూట హాలు ఇవ్వండి, పిల్లలకి ఉచితంగా టిఫిన్ పెడతాం అని. చర్చి వాళ్ళు ఒప్పుకోలేదు. మళ్లీ మళ్లీ అడిగారు. డిసెంబర్ 7న ఆరాధనలో లేచి మాట్లాడబోతే పోలీసులు వచ్చారు, వాళ్ళ నాయకుడు ఫెలీపే లూసియానో చెయ్యి విరిగింది. డిసెంబర్ 28న ఆరాధన అవగానే కుర్రాళ్లు తలుపులకి లోపల్నుంచి మేకులు కొట్టేశారు. పదకొండు రోజులు ఆ చర్చి వాళ్ళ చేతిలో ఉంది. 'ప్రజల చర్చి' అని పేరు పెట్టారు. పొద్దున టిఫిన్, పిల్లలకి వైద్య పరీక్షలు, ప్యూర్టోరికో చరిత్ర పాఠాలు, రాత్రిళ్లు పాటలు, కవిత్వం. పేట పేటంతా వచ్చింది. 1970 జనవరి 7న పోలీసులు వచ్చి 105 మందిని అరెస్ట్ చేశారు.

ఈ కథలో నేను ఎవరి పక్షమో తేల్చుకోలేను. ఆ చర్చి పెద్దలు ఎవరు? కష్టపడి కూడబెట్టుకుని, పరాయి ఊళ్లో తమకంటూ ఒక తలుపు సంపాదించుకున్నవాళ్ళు. ఊదా టోపీ కుర్రాళ్లు వచ్చి ఇది మాది అంటే గుండె ఆగిపోదూ? నేనైతే పోలీసులకి ఫోన్ చేసేదాన్నే. చేసి ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. కానీ ఆ కుర్రాళ్లు ఇంగ్లిష్ ఆరాధన అడగలేదు, గిటార్ అడగలేదు, వారం మధ్యలో తాళం అడిగారు. ఇంకోటి చూడండి. భాష పోయిందని పెద్దలు అనుకునే ఆ పిల్లలే లోపలికెళ్లి ప్యూర్టోరికో చరిత్ర పాఠాలు పెట్టారు. 

భాష పోతే అన్నీ పోతాయనే మాట మీద నాకు పట్టు సడలడానికి ఇంకో సంగతి కూడా కారణం. 1967లో లాస్ ఏంజెలెస్‌లో సన్నీ ఆర్గింజోనీ అనే ఆయన విక్టరీ ఔట్‌రీచ్ అనే సంఘం మొదలుపెట్టాడు. న్యూయార్క్‌లో హెరాయిన్‌కి బానిసై, బయటపడి, సేవలోకి వచ్చినవాడు. ఆయన సంఘానికి వచ్చింది మెక్సికన్ అమెరికన్ పేటల్లోని గ్యాంగుల కుర్రాళ్లు, మత్తుమందు మరిగినవాళ్ళు. ఆరాధన ఇంగ్లిష్‌లో. అయినా ఆ సంఘాన్ని చూసి ఇది తెల్లవాళ్ళ చర్చి అని ఎవరూ పొరబడరు. బట్ట తీరు, నడక, జోకు, తల్లి మీద భక్తి, అన్నీ ఆ పేటవే.

లెక్కలు కొన్ని చెప్పి వదిలేస్తాను. ప్యూ రీసెర్చ్ వాళ్ళ సర్వేల ప్రకారం 2010లో అమెరికాలోని పద్దెనిమిదేళ్లు నిండిన లాటినోల్లో 67 శాతం క్యాథలిక్కులు. 2022కి 43. వాళ్ళంతా మనలాంటి సంఘాల్లోకి వచ్చేశారని మన పాస్టర్లు సంతోషపడుతుంటారు. లేదండీ. ఎవాంజెలికల్ వాళ్ళ వాటా 15 శాతం దగ్గరే ఆగి ఉంది. పెరిగింది 'ఏ మతమూ లేదు' అనేవాళ్ళు, 10 నుంచి 30 శాతానికి. 18 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ళలో 49 శాతం ఆ మాటే చెప్పారు. దాదాపు సగం. స్పానిష్ సంగతి కూడా అడిగారు. మూడో తరానికి వచ్చేసరికి స్పానిష్‌లో బాగా మాట్లాడగలిగేవాళ్ళు మూడోవంతే. అయినా మొత్తం లాటినోల్లో 78 శాతం మంది, లాటినో అనిపించుకోవడానికి స్పానిష్ రానక్కర్లేదన్నారు. మరి స్పానిష్ సరిగ్గా రానివాళ్ళని అడిగితే సగానికి పైగా, సాటి లాటినోలే తమని చిన్నబుచ్చారని చెప్పారు.

ఎలా చిన్నబుచ్చుతారో ఈ హాల్లోనే చూశాను. రెండేళ్ల కిందట అనుకుంటా. పదిహేడేళ్ల అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఇక్కడ పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్నకి నడుం దెబ్బతిని పని పోయింది, ఇంట్లో అందరూ రాత్రిళ్లు మేలుకుని ఉంటున్నారు, అదీ చెప్పబోయింది. 'లా ప్రొబ్లేమా' అంది. స్పానిష్‌లో ఆ మాట పుంలింగం, 'ఎల్ ప్రొబ్లేమా' అనాలి. చివర 'ఆ' ఉంటే స్త్రీలింగం అని పిల్లలు అనుకుంటారు, నా స్టూడెంట్స్ చెల్లెళ్లు కూడా అలాగే అనేవాళ్ళు. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన, ప్రేమగానే, "ఎల్" అని సరిచేశాడు. నలుగురు నవ్వారు, అది కూడా ప్రేమగానే. ఆ పిల్ల ఆగింది. మిగతాది ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. వాళ్ళ నాన్న నడుం సంగతి ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. లింగం మాత్రం సరిపోయింది.

ఇలాంటి పిల్లలకి వాళ్ళు పెట్టిన ముద్దుపేరు 'నో సాబో' పిల్లలు. 'నాకు తెలీదు' అనడానికి 'నో సే' అనాలి, వీళ్ళు 'నో సాబో' అంటారని. మనం నవ్వక్కర్లేదు. మొన్న ఈస్టర్‌కి మన కుర్రాడొకడు మైకులో "మా నాన్న చెప్పింది" అన్నప్పుడు హాలంతా ఏం చేసిందో నాకు గుర్తుంది. నేనూ నవ్వాను.

చర్చి వదిలినంత మాత్రాన అన్నీ వదలరు, అది కూడా చెప్పాలి. డౌన్‌టౌన్ డాలస్‌లో గ్వాదలూపే మాత, అంటే మరియమ్మ, పేరు మీద క్యాథలిక్కుల కథీడ్రల్ ఉంది. 1902లో ప్రతిష్ఠించినప్పుడు దాని పేరు సేక్రెడ్ హార్ట్. మెక్సికన్ల గ్వాదలూపే చర్చి వచ్చి అందులో కలిశాక 1977లో పేరే మారిపోయింది. డిసెంబర్ 12న మాత పండుగ. 1531లో మెక్సికోలోని తెపెయాక్ కొండ మీద హువాన్ దియేగో అనే ఆదివాసికి మాత కనిపించిందని వాళ్ళ నమ్మకం. ఆ రోజుల్లో మతచీనెస్ అనే నాట్యబృందాలు వస్తాయి, ఈకల కిరీటాలు, కాళ్లకి గలగలలాడే గజ్జెల్లాంటివి, పెద్ద డోలు. నా పాత స్టూడెంట్ ఒకడు అందులో డోలు కొడతాడు. "నువ్వు పూజకి రావటగా, మీ అమ్మ బాధపడుతోంది" అన్నాను. "పూజకి రాను టీచర్, డోలుకి వస్తాను" అన్నాడు. మనం ప్రొటెస్టెంట్లం, మనకి ఈ పండుగ లేదు, దాని మీద వాదన ఉంటే పాస్టర్ గారు చూసుకుంటారు. (నవ్వులు) నాకు ఆసక్తి ఆ డోలు మీద. అది అతని చేతిలో ఉంది. బృందం ఎప్పుడు ప్రాక్టీస్ చేయాలో, ఎవరు ముందు నడవాలో అతనే చెబుతాడు.

అమ్మాయిలకి పదిహేనేళ్లు నిండితే చేసే కిన్సెఆన్యేరా కూడా అంతే. ఒకప్పుడు పెంతెకోస్తు సంఘాలు చాలావాటికి అది గిట్టేది కాదు, క్యాథలిక్ వాసన అని. ఇప్పుడు ఈ హాల్లోనే కృతజ్ఞత ఆరాధన పేరుతో జరుగుతోంది. గౌను ఖర్చు చూస్తే మనం చేసే ఓణీల ఫంక్షన్లు గుర్తొస్తాయి. ఊళ్లో ఎప్పుడూ లేనంత ఘనంగా ఇక్కడ ఎందుకు చేస్తామో వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు.

ఇక ఈమధ్య సంగతి. చర్చిలు, బడులు, ఆసుపత్రుల దగ్గర ఇమిగ్రేషన్ అరెస్టులు చేయకుండా ఏళ్ల తరబడి ఉన్న కట్టుబాటును 2025 జనవరిలో ప్రభుత్వం ఎత్తేసింది. ఆ జూలైలో కాలిఫోర్నియాలో సాన్ బెర్నార్డినో బిషప్ అల్బెర్తో రోహాస్, భయపడేవాళ్ళు ఆదివారం పూజకి రాకపోయినా తప్పు లేదని అధికారికంగా ప్రకటించాడు. క్యాథలిక్ బిషప్ అలా అనడం మామూలు విషయం కాదు. ఈ హాల్లో కూడా మీరు గమనించే ఉంటారు, పార్కింగ్‌లో కార్లు తగ్గాయి. గుమ్మం దగ్గర టై కట్టుకుని నిలబడే పెద్దాయన ఆరు నెలలుగా అక్కడ నిలబడటం లేదు.

మరి ఎవరు నిలబడుతున్నారు? ఇక్కడ పుట్టి, జేబులో పాస్‌పోర్ట్ కార్డు ఉన్న పిల్లలు. సంఘం వాళ్ళకేమీ అప్పగించలేదు, ఏ తీర్మానమూ చేయలేదు. పెద్దవాళ్ళు ముందుగా వచ్చి తలుపు తీయడానికి జంకుతుంటే పిల్లలు వచ్చి తీస్తున్నారు. తల్లుల్ని కారులో దింపుతున్నారు. రాలేనివాళ్ళ కోసం ఫోన్లో ఆరాధన లైవ్ పెడుతున్నారు. బయట ఎవరైనా వచ్చి అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేది వాళ్ళే. ఇంగ్లిష్ వచ్చినందుకు చర్చిలో ఇన్నాళ్లూ చిన్నబోయిన పిల్లలు, ఇప్పుడు ఆ ఇంగ్లిష్‌తోనే గుమ్మం కాస్తున్నారు. ఇది మంచిరోజని నేను అనను. భయం వల్ల వచ్చిన పెత్తనం ఎవరికీ సంతోషం కాదు.

పోయిన నెల ఒక ఆదివారం ఒంటిగంట నలభైకి తాళంచెవి కోసం వెళ్తే, గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది ఆ అమ్మాయే, 'లా ప్రొబ్లేమా' అమ్మాయి. ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. "దియోస్ తే బెందీగా, ఎర్మానా" అంది, దేవుడు దీవించునుగాక అని. నేను స్పానిష్‌లో, నాన్నగారి నడుం ఎలా ఉంది అని అడిగాను. అడిగే తొందరలో నేనూ ఏదో లింగం తప్పాను. తనకి తెలిసింది, ముఖంలో కనిపించింది. సరిదిద్దలేదు. నడుం బాగుందని, రాత్రి షిఫ్టులో ఏదో పని దొరికిందని చెప్పింది.

మన వైపు గుత్తి ఎవరి దగ్గర ఉంటుందో మీకు తెలుసు. ఇదిగో, నా హ్యాండ్‌బ్యాగ్‌లో. పన్నెండేళ్లుగా నేనే తెస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో కూడా నేనే తెచ్చాను, ఇంకొకళ్లకి ఇస్తే పోగొడతారని. వెనక వరుసలో వాళ్ళు ఎవరైనా, ఏమ్మా, ఒక్కసారి ఫోన్ పక్కన పెట్టి ఇటు రండి. ఈ పసుపు రంగుది ముందు తలుపుది, చిన్నది వంటగదిది, ఈ నల్లది దేనిదో నాకూ తెలీదు.

టైమ్ అయిపోయింది. ఆరింటికి మళ్లీ వాళ్ళ సాయంత్రం ఆరాధన, అప్పటికి కుర్చీలు సర్దాలి. వందనాలు.